విమాన మైళ్లు: ఎంతకు కూడబెట్టాలి, ఎక్కడ ఖర్చు పెట్టాలి

2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయినప్పుడు ఉద్యోగుల జీతాల గురించీ బ్యాంకుల బాకీల గురించీ దేశమంతా మాట్లాడుకుంది. మరో రకం బాకీదారులను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. కింగ్ క్లబ్ ఖాతాల్లో ఏళ్ల తరబడి మైళ్లు పోగేసుకున్న ప్రయాణికులే వాళ్లు. ఆ ఏడాది ఫిబ్రవరిలో సంస్థ వన్‌వరల్డ్ కూటమిలో చేరాల్సి ఉంది. చేరితే ఆ మైళ్లతో ప్రపంచమంతా తిరగొచ్చని చాలామంది వాటిని ఖర్చు పెట్టకుండా దాచుకున్నారు. చేరిక వాయిదా పడింది. తర్వాత విమానాలూ ఆగాయి, మైళ్లు అంకెలుగా మిగిలిపోయాయి.

ఏడేళ్ల తర్వాత, 2019 ఏప్రిల్ 17న, జెట్ ఎయిర్‌వేస్ చివరి విమానం అమృత్‌సర్ నుంచి ముంబయికి ఎగిరింది. అక్కడ కథ కొంచెం వేరుగా నడిచింది. జెట్ ప్రివిలేజ్ అప్పటికే విడి కంపెనీ, అందులో 50.1 శాతం వాటా ఎతిహాద్‌ది. అందువల్ల మైళ్లు రద్దు కాలేదు. అదే ఏడాది నవంబరులో కార్యక్రమం పేరు ఇంటర్‌మైల్స్‌గా మారింది. హోటళ్లకూ ఇతర విమాన టికెట్లకూ సరుకులకూ వాడుకోవచ్చన్నారు. కానీ జెట్ బిజినెస్ క్లాసులో లండన్ వెళ్దామని కూడబెట్టినవాడికి దాని బదులు మిక్సీ ఇస్తామంటే ఎలా ఉంటుంది?

ఈ రెండు సంఘటనలనూ గుర్తుపెట్టుకుంటే ఫ్రీక్వెంట్ ఫ్లయర్ కార్యక్రమాల గురించి చదివే మిగతా సలహాలన్నీ సరైన కొలతలో కనిపిస్తాయి. మైలు అనేది విమాన సంస్థ సొంతంగా ముద్రించుకునే నోటు. దాని విలువ ఎంతో, ఎప్పుడు చెల్లుతుందో, ఎప్పుడు చెల్లదో నిర్ణయించేది కూడా ఆ సంస్థే. రిజర్వు బ్యాంకు లేదు, డిపాజిట్ బీమా లేదు, వడ్డీ అసలే లేదు.

ఉచితంగా ఎందుకు ఇస్తారు

అమెరికాలో 1978లో విమాన ఛార్జీలపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక సంస్థల మధ్య ధరల పోటీ మొదలైంది. ప్రయాణికుడు ప్రతిసారీ చవక టికెట్ వైపు వెళ్లిపోకుండా కట్టిపడేయడానికి 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆడ్వాంటేజ్ కార్యక్రమం తెచ్చింది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ అదే పని చేసింది. మొదట్లో లెక్క సులువు: ఎన్ని మైళ్లు ఎగిరితే అన్ని మైళ్లు ఖాతాలో. పేరు అలా వచ్చిందే. తర్వాత సంస్థలకు ఒక సంగతి బోధపడింది. చవక టికెట్ మీద దూరం వెళ్లేవాడికంటే ఖరీదైన టికెట్ మీద దగ్గరికి వెళ్లేవాడే తమకు లాభం. డెల్టా, యునైటెడ్ 2015లో, అమెరికన్ 2016లో దూరం లెక్క వదిలేసి ఖర్చు లెక్కకు మారాయి. మన ఎయిర్ ఇండియా 2024 ఏప్రిల్‌లో అదే దారి పట్టింది.

అసలు వ్యాపారం విమానంలో కూడా లేదు. బ్యాంకులు తమ క్రెడిట్ కార్డు ఖాతాదారులకు ఇవ్వడానికి విమాన సంస్థల దగ్గర మైళ్లను టోకున కొంటాయి. డబ్బు ముందే వస్తుంది, సీటు ఎప్పుడో ఇవ్వాలి, కొంతమంది ఎప్పటికీ అడగరు. కోవిడ్ కాలంలో విమానాలు నేల మీద ఉన్నప్పుడు యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ కార్యక్రమాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు, డెల్టా స్కైమైల్స్‌ను తాకట్టు పెట్టి 900 కోట్ల డాలర్లు సమీకరించాయి. విమానాలు ఎగరకపోయినా మైళ్ల దుకాణం మీద అప్పు పుట్టిందన్నమాట.

న్యాయస్థానాలు కూడా ఇందులో ప్రయాణికుడికి పెద్దగా అండ కాలేదు. అతిగా ఫిర్యాదులు చేస్తున్నాడని ఒక సభ్యుణ్ని నార్త్‌వెస్ట్ సంస్థ కార్యక్రమం నుంచి తొలగిస్తే, సంస్థ సద్బుద్ధితో వ్యవహరించలేదన్న అతని వాదన అమెరికా విమానయాన చట్టం ముందు నిలవదని అక్కడి సుప్రీంకోర్టు 2014లో ఏకగ్రీవంగా తేల్చింది. 2024 సెప్టెంబరులో అమెరికా రవాణా శాఖ నాలుగు పెద్ద సంస్థల కార్యక్రమాలపై విచారణ మొదలుపెట్టడానికి కారణం కూడా ఇదే అసంతృప్తి: సంపాదించుకున్న పాయింట్ల విలువను ఒక్క ప్రకటనతో తగ్గించేస్తే సామాన్యుడు ఎవరికి చెప్పుకోవాలి?

ఒక పాయింటు ఎన్ని పైసలు

మైళ్లు వాడే ప్రతిసారీ ఒక చిన్న లెక్క వేయాలి. అదే టికెట్ డబ్బుతో కొంటే ఎంతవుతుందో చూడండి. పాయింట్లతో తీసుకున్నా చేతి నుంచి కట్టాల్సిన పన్నులు, సర్‌ఛార్జీలు అందులోంచి తీసేయండి. మిగిలినదాన్ని పాయింట్ల సంఖ్యతో భాగించండి.

ఒక టికెట్ ధర రూ.28,000 అనుకుందాం. పాయింట్లతో అయితే 15,000 పాయింట్లు, పైన రూ.7,000 పన్నులు. 21,000ను 15,000తో భాగిస్తే పాయింటుకు రూ.1.40 వచ్చింది. ఫరవాలేదు. ఇప్పుడు సంక్రాంతికి వద్దాం. హైదరాబాద్ నుంచి విశాఖకు మామూలు రోజుల్లో రూ.4,500 ఉన్న టికెట్ భోగి ముందు రోజు రూ.14,000 అయిందనుకోండి. పాయింట్ల ధర మాత్రం రెండు రోజుల్లోనూ 7,000 పాయింట్లు, రూ.1,000 పన్నులు. మామూలు రోజు వాడితే పాయింటుకు 50 పైసలు, పండగకు వాడితే రూ.1.86. అవే పాయింట్లు, అదే సీటు, దాదాపు నాలుగు రెట్ల తేడా.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పాయింట్ల ధర స్థిరంగా ఉండే కార్యక్రమాల్లోనే ఈ లాభం. టికెట్ ధర పెరిగితే అడిగే పాయింట్లు కూడా పెరిగే కార్యక్రమంలో పండగైనా పాడ్యమైనా విలువ ఒకటే. డెల్టా 2015లోనూ, యునైటెడ్ 2019లోనూ స్థిర ధరల పట్టికలు తీసేశాయి. కొత్తగా వచ్చే కార్యక్రమాలు ఎక్కువగా ఈ రెండో పద్ధతివే. వాటిలో పాయింట్లు దాచుకోవడానికి కారణమే లేదు. వచ్చినవి వచ్చినట్టు వాడేయడం మేలు.

బిజినెస్ క్లాసు లెక్కల దగ్గర చాలామంది తమను తాము మోసం చేసుకుంటారు. రూ.1,80,000 టికెట్‌ను 60,000 పాయింట్లకు, రూ.18,000 పన్నులకు తీసుకుంటే పాయింటుకు రూ.2.70 వచ్చినట్టు కనిపిస్తుంది. యూట్యూబ్ వీడియోలన్నీ ఈ అంకె దగ్గరే ఆగుతాయి. కానీ మీ జేబు నుంచి ఎప్పుడైనా లక్షా ఎనభై వేలు పెట్టి ఆ సీటు కొనేవారా? రూ.60,000 పెట్టి ఎకానమీలో వెళ్లేవారైతే మీకు నిజంగా మిగిలింది 42,000 రూపాయలు. పాయింటుకు 70 పైసలు. మిగతాదంతా కాళ్లు చాపుకున్న సుఖం. ఆ సుఖం విలువలేనిదని అనను. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు పదహారు గంటలు కూర్చోవాల్సి వచ్చినప్పుడు దాని విలువ వేరు. కానీ దాన్ని రూపాయల లాభంగా చూపించుకోవడం పొరపాటు.

సర్‌ఛార్జీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాయింట్లతో తీసుకున్న టికెట్ మీద కూడా ఇంధన సర్‌ఛార్జీ పేరుతో వేల రూపాయలు వసూలు చేసే సంస్థలు ఉన్నాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎమిరేట్స్, లుఫ్తాన్సా ఇందులో పేరుమోసినవి. అదే లుఫ్తాన్సా సీటును యునైటెడ్ మైళ్లతోనో, ఎయిర్ కెనడావారి ఏరోప్లాన్ పాయింట్లతోనో తీసుకుంటే ఆ భారం పడదు. విమానం ఒకటే, సీటు ఒకటే. ఏ ఖాతాలోని పాయింట్లతో తీసుకున్నామన్నదే తేడా.

మన దగ్గర ఉన్నవేమిటి

2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. క్లబ్ విస్తారా, పాత ఫ్లయింగ్ రిటర్న్స్ రెండూ కలిసి మహారాజా క్లబ్ అయ్యాయి. ఎయిర్ ఇండియా 2014 జులై నుంచి స్టార్ అలయన్స్ సభ్య సంస్థ. అందుకని లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్, థాయ్, యునైటెడ్ వంటి వాటిలో వెళ్లినా ఈ ఖాతాకు పాయింట్లు వేయించుకోవచ్చు. అయితే ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ఆ కూటమిలో లేదు. పేరు చూసి రెండూ ఒకటే అనుకుని బుక్ చేసేవాళ్లు కొందరున్నారు.

2006లో మొదలైన ఇండిగో పద్దెనిమిదేళ్ల పాటు ఇలాంటి కార్యక్రమమే లేకుండా దేశంలో అతి పెద్ద సంస్థగా ఎదిగింది. సమయానికి చవకగా చేరిస్తే చాలు, బహుమతులు ఎందుకన్నది వాళ్ల వాదన. 2024లో బ్లూచిప్ తెచ్చారు. దేశంలో ఎక్కువ ఊళ్లకు వెళ్లేది ఇండిగోనే కాబట్టి, విజయవాడ, రాజమహేంద్రవరం, తిరుపతి తరచూ తిరిగేవాళ్లు అందులో ఒక ఖాతా పెట్టుకోవడానికి ఖర్చేమీ లేదు. దాని కోసం వంద రూపాయలు ఎక్కువ పెట్టి టికెట్ కొనడం మాత్రం దండగ.

విదేశీ కార్యక్రమాలే చాలామంది తెలుగువాళ్లకు ఎక్కువ పనికొస్తాయి. హైదరాబాద్ నుంచి వెళ్లే విమానాలను కూటముల వారీగా చూస్తే చిత్రం స్పష్టమవుతుంది. స్టార్ అలయన్స్ వైపు ఎయిర్ ఇండియా, సింగపూర్, థాయ్, 2024 జనవరి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా. వన్‌వరల్డ్ వైపు బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్, కేథే పసిఫిక్. ఎమిరేట్స్, ఎతిహాద్ ఏ కూటమిలోనూ లేవు, వాటి భాగస్వాములు వాటికి విడిగా ఉన్నారు. విశాఖ నుంచి సింగపూర్ వెళ్లే స్కూట్‌లో కూడా సింగపూర్ ఎయిర్‌లైన్స్‌వారి క్రిస్‌ఫ్లయర్ మైళ్లు వస్తాయి. ఉత్తరాంధ్ర నుంచి ఆస్ట్రేలియాకు పిల్లల దగ్గరికి వెళ్లి వచ్చేవాళ్లలో ఈ సంగతి తెలియనివాళ్లే ఎక్కువ.

ఒక ప్రయాణానికి ఒక ఖాతాలోనే మైళ్లు వేస్తారు. ఏ ఖాతాలో వేయించుకోవాలో ఎంచుకునే హక్కు మీది. లుఫ్తాన్సాలో వెళ్లి యునైటెడ్ ఖాతా నంబరు ఇవ్వొచ్చు, ఖతార్‌లో వెళ్లి బ్రిటిష్ ఎయిర్‌వేస్ నంబరు ఇవ్వొచ్చు. ఏడాదికి నాలుగు ప్రయాణాలు చేసి నాలుగు ఖాతాల్లో తలా ఐదు వేలు వేసుకుంటే ఏ ఖాతాలోనూ టికెట్ రాదు. కూటమికి ఒక్క ఖాతా చాలు. అన్నింటికంటే ముందు ఒకటి చూడండి. టికెట్ మీద ధర తరగతిని సూచించే ఒక అక్షరం ఉంటుంది. అతి చవక తరగతులకు భాగస్వామి కార్యక్రమాల్లో పావు వంతు మైళ్లే రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఆ పట్టిక ప్రతి సంస్థ వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. కొనేముందు రెండు నిమిషాలు అది చూస్తే తర్వాత కస్టమర్ కేర్‌తో గంటల కొద్దీ వాదించే పని తప్పుతుంది.

డాలస్ నుంచి హైదరాబాద్, నలుగురు

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబానికి అతి పెద్ద ప్రయాణ ఖర్చు ఇంటికి రావడమే. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. పిల్లల బడి సెలవులు జూన్‌లోనో డిసెంబరులోనో ఉంటాయి, అందరూ అప్పుడే బయల్దేరతారు, ధరలు అప్పుడే మండిపోతాయి. మైళ్లు బాగా కలిసిరావాల్సిన సమయం అదే. దొరకని సమయం కూడా అదే.

చవక పాయింట్ల ధరకు ఒక విమానంలో సంస్థలు కొన్ని సీట్లే వదులుతాయి. ఒకటీ రెండూ దొరకడం సులువు, నాలుగు కలిపి దొరకడం కష్టం. వెబ్‌సైట్‌లో నలుగురికి వెతికితే, నాలుగో సీటు లేకపోతే మొత్తం లేవనో, లేదంటే నలుగురికీ ఖరీదైన ధరో చూపించవచ్చు. అందుకే ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి వెతకాలి. ఇద్దరు ఇద్దరుగా విడిపోయి తల్లితో ఒక బిడ్డ, తండ్రితో ఒక బిడ్డ వేర్వేరు దారుల్లో రావడానికి సిద్ధపడే కుటుంబాలకు దక్కే అవకాశాలు ఎక్కువ. నాలుగు పాయింట్ల టికెట్లే కావాలని పట్టుబట్టకుండా రెండు పాయింట్లతో, రెండు డబ్బుతో కొనడం కూడా మంచి పద్ధతే. అప్పుడు డబ్బుతో కొన్న రెండింటికీ మళ్లీ మైళ్లు వస్తాయి.

సీట్లు సాధారణంగా ప్రయాణానికి దాదాపు పదకొండు నెలల ముందు తెరుస్తారు. డిసెంబరు ప్రయాణానికి జనవరిలోనే కూర్చోవాలి. అంత ముందు కుదరకపోతే చివరి రెండు వారాల్లో అమ్ముడుపోని సీట్లు వదులుతుంటారు, కానీ పిల్లలతో ఆ జూదం ఆడటం మంచిది కాదు. ఒంటరిగా, వారం అటూ ఇటూ అయినా ఫరవాలేదనుకునేవాడికి అది సరిపోతుంది. క్రిస్‌ఫ్లయర్ ప్రతి నెలా స్పాంటేనియస్ ఎస్కేప్స్ పేరుతో తర్వాతి నెల ప్రయాణాలకు ఎంపిక చేసిన దారుల్లో తగ్గింపు ఇస్తుంది, అదీ ఇలాంటివాళ్ల కోసమే.

అమెరికాలో ఉన్నవారికి ఇంకో సౌకర్యం ఉంది. డెల్టా మైళ్లకు 2011 నుంచీ, యునైటెడ్ మైళ్లకు 2019 నుంచీ గడువు లేదు. రెండేళ్లకోసారి వచ్చే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. ఆసియా, గల్ఫ్ సంస్థల్లో అలా ఉండదు. క్రిస్‌ఫ్లయర్, ఎమిరేట్స్ స్కైవార్డ్స్ మైళ్లు మూడేళ్లకు చెల్లిపోతాయి. మధ్యలో ఎన్నిసార్లు ఎగిరినా పాత మైళ్ల గడువు పెరగదు. ఏవియోస్ పాయింట్లది వేరే పద్ధతి. 36 నెలల్లో ఒక్క చిన్న లావాదేవీ జరిగినా అన్నీ బతికే ఉంటాయి. 2022లో ఖతార్ కూడా ఏవియోస్‌కు మారింది కాబట్టి బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఖాతాకూ ఖతార్ ఖాతాకూ మధ్య పాయింటుకు పాయింటు మార్చుకోవచ్చు. లండన్ మీదుగా పన్నులు ఎక్కువనిపిస్తే అవే పాయింట్లను దోహా వైపు తిప్పుకునే వీలుంటుంది.

జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్లే కార్మికుల విషయం ఈ చర్చల్లో ఎప్పుడూ రాదు. రెండేళ్లకోసారి, అతి చవక టికెట్ మీద, ఏజెంటు చేత బుక్ చేయించుకుని వెళ్లే మనిషికి ఈ కార్యక్రమాలు దాదాపు ఏమీ ఇవ్వవు. మూడేళ్ల గడువులో ఆయన చేసేది ఒకటో రెండో ప్రయాణాలు. విమానంలో నిజంగా ఎక్కువ తిరిగేవాళ్లలో ఆయన ఒకరు, కానీ లెక్క ఖర్చును బట్టి. ఒకే ఇంటి నుంచి ఇద్దరు ముగ్గురు దుబాయ్‌లో ఉంటే మాత్రం ఎమిరేట్స్‌వారి మై ఫ్యామిలీ ఖాతాలో ఎనిమిది మంది దాకా కలిసి మైళ్లు ఒకచోట వేసుకోవచ్చు. అలా అయితే కనీసం ఒక టికెట్‌కు దారి దొరుకుతుంది.

కార్డుల లెక్క

ఇప్పుడు మన దేశంలో మైళ్లు సంపాదించేవాళ్లలో చాలామంది విమానం ఎక్కి సంపాదించడం లేదు. కార్డు గీకి సంపాదిస్తున్నారు. ఇక్కడ కాస్త నిదానంగా లెక్క చూడాలి.

వార్షిక రుసుము రూ.10,000 ఉన్న కార్డు అనుకుందాం. 18 శాతం జీఎస్‌టీతో రూ.11,800. వందకు రెండు పాయింట్లు వస్తాయి, పాయింటును 75 పైసలకు లెక్కగడదాం. రుసుము రాబట్టడానికే 15,733 పాయింట్లు కావాలి, అంటే ఏడాదికి దాదాపు రూ.7.87 లక్షల ఖర్చు. చాలామంది ఇక్కడ ఆగి, మా ఇంటి ఖర్చు అంతకంటే ఎక్కువే అనుకుంటారు. కానీ అదే ఖర్చు రుసుము లేని, ఒక శాతం డబ్బు వెనక్కి ఇచ్చే కార్డు మీద పెడితే ఏమీ కట్టకుండానే ఏడు వేల ఎనిమిది వందలు చేతికొచ్చేవి. నిజమైన పోలిక దానితో. పాయింట్ల కార్డు ఇచ్చేది ఒకటిన్నర శాతం, ఇది ఇచ్చేది ఒక శాతం, తేడా అర శాతం. ఆ అర శాతంతో రూ.11,800 రావాలంటే ఏడాదికి 23.6 లక్షలు ఖర్చు పెట్టాలి. చేరినప్పుడు ఇచ్చే బోనస్ వల్ల మొదటి ఏడాది లెక్క మారుతుంది, నిజమే. అందుకే మొదటి ఏడాది తీసుకుని రెండో ఏడాది రుసుము పడేలోపు మళ్లీ ఆలోచించుకోవడం తెలివైన పని. పాయింటును రూపాయిన్నరకు వాడుకోగలిగే నేర్పు, తీరిక ఉన్నవాడికి లెక్క వేరేగా వస్తుంది. ఆ తీరిక మనకుందా అన్నది ఎవరికి వారు చెప్పుకోవాల్సిన జవాబు.

ఇదంతా నెల తిరిగేసరికి బిల్లు మొత్తం కట్టేవాళ్లకు. కొంత కట్టి మిగతాది వాయిదా వేస్తే నెలకు మూడు నుంచి మూడున్నర శాతానికి పైగా వడ్డీ పడుతుంది, ఏడాదికి నలభై శాతం దాటుతుంది. ఒకటిన్నర శాతం పాయింట్లు అందులో ఎక్కడ కనిపిస్తాయి?

విలువ రాత్రికి రాత్రి ఎలా పడిపోతుందో చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు. యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ కార్డుకు ఒకప్పుడు ఐదు పాయింట్లకు నాలుగు విమాన మైళ్లు వచ్చేవి. 2023 సెప్టెంబరు 1 నుంచి సాధారణ ఖాతాదారులకు అది ఐదుకు రెండు అయింది. ఐదు లక్షల పాయింట్లు దాచుకున్నవాడికి నాలుగు లక్షల మైళ్లు రావాల్సిన చోట రెండు లక్షలు మిగిలాయి. కార్డు నిబంధనల ప్రకారం అది బ్యాంకు హక్కే.

అలాగని కార్డు పాయింట్లన్నిటినీ వెంటనే ఏదో ఒక విమాన ఖాతాలోకి తోసేయడం కూడా తప్పే. ఒకసారి బదిలీ చేస్తే వెనక్కి రావు, పైగా కొన్ని బదిలీలకు రోజులు పడతాయి. ముందు కావాల్సిన సీటు ఉందో లేదో చూసుకోవాలి, తర్వాతే బదిలీ. కార్డులో ఉన్నంతకాలం అవి ఏ సంస్థకైనా వెళ్లగలిగే పాయింట్లు. ఒక సంస్థలోకి వెళ్లాక దాని గతే వాటి గతి. సంస్థల దగ్గర డబ్బు పెట్టి మైళ్లు కొనడం మరీ అరుదుగా చేయాల్సిన పని. టికెట్‌కు రెండు మూడు వేల మైళ్లు తక్కువైనప్పుడు తప్ప, సగం ధరకే అని ప్రకటన వచ్చినంత మాత్రాన కొనకూడదు.

ఇంటిపేరు తంటా

ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే చిక్కు. సర్టిఫికెట్లలో ఇంటిపేరు పొడి అక్షరమై ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి రాస్తారు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, అమెరికా వీసా మీద వాళ్ల మొదటి పేరు స్థానంలో ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది. టికెట్ పాస్‌పోర్టు ప్రకారం కొంటాం, మైళ్ల ఖాతా మాత్రం ఎప్పుడో అలవాటు ప్రకారం రాసుకున్న పేరుతో తెరిచి ఉంటుంది. రెండూ కలవకపోతే యంత్రం మైళ్లు వేయదు.

నా ఖాతాలో ఇదే జరిగింది. ఒక సంస్థలో మూడు ప్రయాణాల మైళ్లు పడలేదు. అడిగితే, ఈ పేరుగల ప్రయాణికుడు మా విమానంలో లేడన్నారు. ఉన్నాను, వాళ్లు పెట్టిన ఉప్మా కూడా తిన్నాను. బోర్డింగ్ పాసులు దాచుకున్న రెండింటికి మైళ్లు వచ్చాయి, పారేసిన మూడోదానికి రాలేదు. పేరు సరిచేయించుకోవడానికి పాస్‌పోర్టు కాపీ పంపి ఐదు వారాలు ఆగాను. ఖాతా తెరిచేటప్పుడే పాస్‌పోర్టు ముందు పెట్టుకుని అక్షరం తప్పకుండా రాసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. బోర్డింగ్ పాసును మైళ్లు ఖాతాలో పడేదాకా ఫొటో తీసి ఉంచుకోవాలి. పడకపోతే వెనక్కి అడిగే గడువు చాలా సంస్థల్లో ఆరు నెలల నుంచి ఏడాది.

ఖాతా భద్రత గురించి రెండు మాటలు. మైళ్లను కూడా దొంగిలిస్తారు. బ్యాంకు ఖాతాను రోజూ చూసుకునేవాళ్లు మైళ్ల ఖాతాను ఏడాదికోసారి తెరుస్తారు, దొంగలకు కావాల్సింది అదే. వేరే చోట వాడని పాస్‌వర్డ్ పెట్టండి. విమానంలో దిగాక బోర్డింగ్ పాసు ఫొటోను ఫేస్‌బుక్‌లో పెట్టకండి, దాని మీద మీ బుకింగ్ నంబరూ సభ్యత్వ నంబరూ రెండూ ఉంటాయి. పరిచయం లేనివాళ్లకు మైళ్లు అమ్మడం దాదాపు అన్ని కార్యక్రమాల్లోనూ నిషిద్ధం, పట్టుబడితే ఖాతా మొత్తం పోతుంది. క్రిస్‌ఫ్లయర్ వంటివి ఇతరులకు టికెట్ తీయడానికి ఐదుగురి పేర్లు ముందే నమోదు చేసుకోమంటాయి.

హోదా మోజు

వెండి, బంగారం, ప్లాటినం. పైమెట్టు ఎక్కితే వచ్చేవి చెక్-ఇన్‌లో విడి వరస, అదనపు సామాను, లాంజ్, విమానం రద్దయినప్పుడు ముందుగా పలికే ఫోను. నెలకు నాలుగైదు సార్లు ఆఫీసు పని మీద తిరిగేవాడికి ఇవి నిజంగా ఉపయోగమే. ఆవకాయ, పిండివంటలతో ప్రయాణించే మనకు అదనపు సామాను ఒక్కటే డబ్బులోకి మార్చదగ్గ లాభం అనిపిస్తుంది. స్టార్ అలయన్స్‌లో బంగారు హోదా ఉంటే భాగస్వామి సంస్థల్లో కూడా అదనపు సామాను వర్తిస్తుంది. కానీ డిసెంబరు చివర్లో హోదా జారిపోతోందని పనిలేని ప్రయాణం చేసి రావడం, ఐదు వేలు ఎక్కువైనా అదే సంస్థలో వెళ్లడం చూస్తుంటే, 1981లో ఈ పథకం వేసినవాళ్లు ఎంత గట్టివాళ్లో అర్థమవుతుంది.

ఆఫీసు డబ్బుతో వెళ్లి సంపాదించిన మైళ్లు ఎవరివన్నది ఇంకో ప్రశ్న. ప్రైవేటు కంపెనీలు చాలావరకు ఉద్యోగికే వదిలేస్తాయి. ప్రభుత్వంలో అలా కాదు. అధికారిక పర్యటనల్లో వచ్చిన మైళ్లను ఆ శాఖ అధికారిక ప్రయాణాలకే వాడాలని కేంద్ర ఆర్థిక శాఖ పొదుపు ఉత్తర్వుల్లో చెప్పింది. జర్మనీలో 2002లో అధికారిక ప్రయాణాల మైళ్లను సొంతానికి వాడుకున్నారన్న వివాదంలో బెర్లిన్ రాష్ట్ర మంత్రి గ్రెగోర్ గీసీ పదవికి రాజీనామా చేశారు.

ఖాతాదారు మరణిస్తే మైళ్లు ఏమవుతాయన్నది కూడా ముందే చూసుకోవాలి. చాలా కార్యక్రమాల నిబంధనల్లో వారసత్వ హక్కు అంటూ లేదు. కొన్ని మాత్రం మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ పత్రం చూపిస్తే కుటుంబ సభ్యుడి ఖాతాకు మారుస్తాయి. పెద్దవాళ్ల పేరు మీద లక్షల మైళ్లు ఉన్న ఇళ్లలో అవి ఉండగానే వాళ్ల ప్రయాణాలకో పిల్లల ప్రయాణాలకో వాడేయడం మంచిది.

రావాల్సిన మైళ్లు రాకపోయినా, పాయింట్ల టికెట్ రద్దయ్యాక పాయింట్లు వెనక్కి పడకపోయినా మొదట సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. జవాబు రాకపోతే కేంద్ర పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవ పోర్టల్ ఉంది, జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ఫిర్యాదులో బుకింగ్ నంబరు, బోర్డింగ్ పాసు, టికెట్ కొన్న రోజున వెబ్‌సైట్‌లో ఉన్న నిబంధనల తెరపట్టు జతచేయండి. నిబంధనలు తర్వాత మారిపోతాయి, అప్పుడు ఏం రాసి ఉందో చూపించే బాధ్యత మన మీదే పడుతుంది.